కొండ మీద డేగల లెక్క: అపోహలు, వాస్తవాలు

ఉత్తర అమెరికాలో మార్చి నుంచి మే దాకా డేగలు, గద్దలు, సాళువలు చలికాలపు నెలవులు వదిలి ఉత్తరానికి మళ్లుతాయి. కొండ మీద నిలబడి వాటిని లెక్కపెట్టడం ఓపిక ఉంటే ఎవరికైనా వస్తుంది. కొన్ని తప్పుడు నమ్మకాలు మాత్రం మొదటి రోజే లెక్కను పాడుచేస్తాయి.

అపోహ: శిఖరం ఎంత ఎత్తయితే అంత మంచిది.

ఎత్తు కన్నా కొండ తీరు ముఖ్యం. గాలి కొండ పక్కను కొట్టుకుని పైకి లేస్తుంది. దాని మీద పక్షి రెక్క ఆడించకుండానే మైళ్లకు మైళ్లు సాగిపోతుంది. అందుకే పొడవాటి కొండ వరుస, దక్షిణం వైపు అడ్డులేని చూపు కావాలి. శరత్తులో కిటకిటలాడే చోటు వసంతంలో వెలవెలబోవచ్చు. పెన్సిల్వేనియాలోని హాక్ మౌంటెన్ అలాంటిదే. లేక్ ఒంటారియో దక్షిణపు ఒడ్డున ఉన్న డెర్బీ హిల్ అంత ఎత్తేమీ కాదు. కానీ చల్లటి నీటి మీద పైకి లేచే వేడిగాలి ఉండదు కాబట్టి పక్షులు సరస్సు దాటకుండా ఒడ్డు వెంబడే మళ్లుతాయి, వసంతంలో అక్కడ గుమిగూడతాయి.

అపోహ: నిర్మలమైన నీలాకాశం ఉంటే పండగే.

నిజానికి అది లెక్కకు గడ్డు రోజు. ఒట్టి నీలంలో కంటికి ఆనడానికి ఏమీ దొరకదు, ఎత్తున పోయే డేగ అందులో కరిగిపోతుంది. తెల్లటి మబ్బు తునకలుంటే దాని మీద నల్ల చుక్కలా తేలుతుంది. మబ్బు లేకపోతే ముందే దూరపు కొండ మీద బైనాక్యులర్ ఫోకస్ కుదుర్చుకోండి. చలిగాలి రాకముందు దక్షిణపు గాలి వీచే రోజులను మాత్రం వదులుకోవద్దు. మధ్యాహ్నం పక్షులు ఆగిపోయాయనుకుని దిగిపోవడం కూడా పొరపాటే. చాలాసార్లు అవి ఆగవు, కంటికందని ఎత్తుకు వెళతాయి.

అపోహ: పవర్ ఎక్కువున్న బైనాక్యులర్ కావాలి.

8x42 గానీ 10x42 గానీ చాలు (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో, రెండోది ముందు కటకం వెడల్పు మిల్లీమీటర్లలో). పవర్ పెరిగితే కనబడే మేర తగ్గుతుంది, చెయ్యి వణుకు పెరుగుతుంది. బైనాక్యులర్‌లో కనబడే వలయం అడుగున కొండ గీత ఉండేలా పట్టి, ఎడమ నుంచి కుడికి నిదానంగా జరపండి. చూసిన మేరలో సగం మళ్లీ కనబడుతూ ఉండాలి. ఒక వలయమంత పైకెత్తి వెనక్కి రండి. ఆ తర్వాత ఒట్టి కళ్లతో నడినెత్తి మీద చూడండి. ఎక్కువగా తప్పిపోయేవి అక్కడే.

అపోహ: గుంపు తిరుగుతుండగానే లెక్కపెట్టేయాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఏప్రిల్ చివర్లో బ్రాడ్‌వింగ్డ్ హాక్‌లు వేడిగాలిలో ఒకదాని మీదొకటి సుడి తిరుగుతూ లేస్తాయి. ఈ సుడినే కెటిల్ అంటారు. అందులో లెక్కపెడితే ఒకే పక్షి మూడుసార్లు పడుతుంది, దాని చాటున ఉన్నది ఒక్కసారీ పడదు. ఆగండి. గాలి బలం తగ్గగానే మీదున్న పక్షి రెక్కలు కాస్త ముడిచి ఉత్తరానికి జారుతుంది, మిగతావి దాని వెనకే దారంలా సాగుతాయి. అప్పుడు ఒక చెట్టు కొనను గుర్తు పెట్టుకుని, దాన్ని దాటిన ప్రతి పక్షికీ క్లిక్కర్ (నొక్కినప్పుడల్లా అంకె ఒకటి పెరిగే చేతి లెక్కయంత్రం) ఒకసారి నొక్కండి. మబ్బు అంచు కదిలిపోతుంది, గుర్తుకు పనికిరాదు. మరీ దట్టంగా వస్తే ముందు పది పక్షులను విడివిడిగా లెక్కించి, ఆ పదీ ఎంత మేర ఆక్రమించాయో కంటికి పట్టించుకుని, అంత మేరకు ఒక నొక్కు. పది పక్షులకు ఒక నొక్కు అని రాసేవాళ్లకు తప్పక చెప్పండి. లేకపోతే 430 పక్షులు కాగితం మీద 43 అవుతాయి. ఈలోగా ఇంకొకరు మిగతా ఆకాశం చూస్తుండాలి, రెండో సుడి సాధారణంగా అప్పుడే వస్తుంది.

అపోహ: సైజు చూస్తే జాతి తెలిసిపోతుంది.

పక్కన కొలత లేని ఆకాశంలో సైజు మోసం చేస్తుంది. ఆకారం, రెక్క ఆడించే తీరు చూడండి. రెక్కలు V లాగా ఎత్తి అటూఇటూ ఊగుతూ పోయేది టర్కీ వల్చర్. భుజం నుంచి రెక్క మడత దాకా ముందంచున నల్ల పట్టీ ఉంటే రెడ్‌టెయిల్డ్ హాక్. షార్ప్‌షిన్డ్ హాక్ తల రెక్కల మడతలను దాటీ దాటనట్టు ఉంటుంది, కూపర్స్ హాక్ తల బాగా ముందుకు పొడుచుకొస్తుంది. తేలకపోతే ‘గుర్తించని డేగ’ అని రాయండి, అది తప్పు కాదు. ఊహించి రాస్తే తర్వాత ఎవరూ సరిదిద్దలేరు.

తెలిస్తే వయసూ రాయండి. హాక్ మౌంటెన్ శరత్కాలపు లెక్కల్లో 1935–39 మధ్య బాల్డ్ ఈగిల్స్‌లో 40 శాతం పిల్ల పక్షులు. 1955–59 నాటికి అవి 20 శాతమే. డీడీటీ అనే పురుగుమందు చేసిన హాని ఆ అంకెల్లోనూ కనబడింది.

అపోహ: కనబడ్డ డేగలన్నీ వలసవే.

వసంతంలో స్థానిక జంటలు కొండ మీదే కొలువుంటాయి. పైకి లేచి కిందికి దూకుతూ ఆకాశంలో అలలు గీసేది, పుల్లలు మోసుకుపోయేది, చుట్టూ తిరిగి అదే చెట్టుకు చేరేది లెక్కలోకి రావు. ఉత్తరానికి పోయి కనుమరుగైతేనే రాయండి.

అపోహ: ఏమీ రాని గంటకు ఏం రాస్తాం?

సున్నా రాస్తాం. పక్కన గాలి దిశ, వేగం, ఉష్ణోగ్రత, మబ్బు శాతం, ఎంత దూరం కనబడుతోంది, ఎంతమంది చూస్తున్నారు, అన్నీ రాస్తాం. లెక్కను గంటకిన్ని పక్షులుగానే పోలుస్తారు. ఖాళీ గంటలు రాయకపోతే నాలుగు గంటల్లో వచ్చిన 60 పక్షులు రెండు గంటల్లోనే వచ్చినట్టు కనబడతాయి.