ఐల్ ఆఫ్ వైట్ చుట్టూ యాట్ రేసు: అపోహలు – వాస్తవాలు

తెరచాప పడవల పందెం అనగానే అందరూ గాలి గురించే అడుగుతారు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఐల్ ఆఫ్ వైట్ ద్వీపం చుట్టూ ఏటా వేసవిలో జరిగే రౌండ్ ది ఐలండ్ రేసుకు వెళ్లేవాళ్లం మాత్రం గాలికన్నా ముందు ఆటుపోట్ల పట్టిక తెరుస్తాం. ఉత్తరాన కౌస్ రేవు దగ్గర బయలుదేరి, పడమర కొసన నీడిల్స్ రాళ్లు, దక్షిణ కొసన సెయింట్ క్యాథరిన్స్ పాయింట్, తూర్పున బెంబ్రిడ్జ్ లెడ్జ్ అనే తేలే గుర్తు దాటి మళ్లీ కౌస్‌కు చేరాలి. దూరం సుమారు 50 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 93 కిలోమీటర్లు. ఈ రేసు గురించి నాకు తరచూ ఎదురయ్యే నమ్మకాలు కొన్ని, నీటి మీద జరిగేది కొంత.

అపోహ: ముందు వచ్చిన పడవే గెలిచినట్టు.

ముందు వచ్చిన పడవకు ఫొటోలు, చప్పట్లు దక్కుతాయి. 2017లో కన్సైజ్ 10 అనే మూడు పొట్టల ట్రైమరాన్ 2 గంటల 22 నిమిషాల 23 సెకన్లలో ద్వీపాన్ని చుట్టేసింది. అదే దూరానికి కుటుంబాలు నడుపుకునే మామూలు పడవకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుంది. రెండింటినీ ఒకే గడియారంతో కొలిస్తే ఇక పోటీ ఏముంటుంది? అందుకే ప్రతి పడవకూ దాని పొడవు, బరువు, తెరచాపల విస్తీర్ణం లాంటివి చూసి ఒక రేటింగ్ అంకె ఇస్తారు. పట్టిన సమయాన్ని ఆ అంకెతో గుణిస్తే వచ్చేదే అసలు ఫలితం. రేటింగ్ 1.000 ఉన్న పడవ 8 గంటల్లో వచ్చిందనుకోండి. 0.900 రేటింగ్ పడవ 8 గంటల 40 నిమిషాలకు చేరినా దాని లెక్క 7 గంటల 48 నిమిషాలే. గెలుపు రెండోదానిది. ఈ లెక్క వల్లే గీత దాటగానే ఎవరూ సంబరం చేసుకోరు. వెనకాల వచ్చేవాళ్లందరూ చేరేదాకా ఎవరి స్థానం ఏమిటో తేలదు.

అపోహ: ఇది కోటీశ్వరుల ఆట.

1931లో మేజర్ సిరిల్ విండెలర్ ఆలోచనతో ఐలండ్ సెయిలింగ్ క్లబ్ దీన్ని మొదలుపెట్టిందే చిన్న పడవల వాళ్ల కోసం. అప్పుడు వచ్చినవి 25 పడవలు. గెలిచింది మెర్రీ కన్సీట్ అనే 22 అడుగుల కార్నిష్ చేపల పడవ, నడిపినాయన పీటర్ బ్రెట్. కోట్ల ఖరీదు చేసే పడవలు ఇప్పుడూ వస్తాయి, కాదనను. కానీ వెయ్యికి పైగా పడవలు వచ్చే ఏడాదుల్లో ఎక్కువ భాగం వారాంతాల్లో నడుపుకునే క్లబ్బు పడవలే. సొంత పడవ లేకపోయినా తాడు లాగడం, మాట వినడం వస్తే ఎవరో ఒకరి సిబ్బందిలో చోటు దొరుకుతుంది. మాట వినడమే కష్టం.

అపోహ: మంచి గాలి, మంచి పడవ ఉంటే చాలు.

నేను ఎక్కువగా వాదించేది ఇక్కడే. ద్వీపానికీ ఇంగ్లండ్ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న జలసంధి పేరు సోలెంట్. అందులో నీరు కొన్ని గంటలు పడమరకూ, కొన్ని గంటలు తూర్పుకూ పారుతుంది. పక్కనే ఉన్న పోర్ట్స్‌మత్ రేవులో పోటు నిండడానికి సుమారు గంట ముందు ప్రవాహం పడమరకు తిరిగి, నాలుగైదు గంటలు అలాగే సాగుతుంది. రేసు ఆరంభ వేళ దీనికి తగ్గట్టే పెడతారు. ఒక్కో ఏడాది తెల్లవారగానే తుపాకీ మోగడానికి కారణం ఇదే. పడమటి కొసన హర్స్ట్ కోట దగ్గర జలసంధి ఇరుకవుతుంది. పెద్ద పోటు రోజుల్లో అక్కడ ప్రవాహం 4 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) మించుతుంది. 6 నాట్లు నడిచే పడవ అక్కడ నేల లెక్కన 10 నాట్లతో దూసుకుపోతుంది.

ఆ సంబరం నీడిల్స్ దాకానే. అవతల ఇంగ్లిష్ ఛానల్‌లో కూడా ఆ వేళకు ప్రవాహం పడమరకే ఉంటుంది కాబట్టి, మలుపు తిరిగి ఆగ్నేయానికి సాగే పడవకు అదే ఎదురు ప్రవాహం. ఇప్పటిదాకా మోసుకొచ్చిన నీరే ఇప్పుడు వెనక్కి నెడుతుంది. ఒడ్డు వెంబడి దాని జోరు తక్కువ. అందుకే రాళ్లకు భయపడుతూనే ఒడ్డు పక్కన పోతాం. ఎంత దగ్గరికి వెళ్లాలన్నది లోతు చూపే మీటరుకూ పడవ నడిపే స్కిప్పర్ గుండెకూ మధ్య బేరం.

ఇక తూర్పు మలుపు తిరిగి కౌస్‌కు పడమరగా వచ్చేటప్పుడు అసలు తిరకాసు. వేగంగా చుట్టొచ్చిన పెద్ద పడవలకు పడమటి ప్రవాహం ఇంకా మిగిలి ఉండవచ్చు. నెమ్మదిగా వచ్చేవాళ్లకు అది తూర్పుకు తిరిగిపోయి ఉంటుంది. అప్పుడు రైడ్ శాండ్స్ అనే ఇసుక మేట అంచున, ప్రవాహం మందంగా ఉన్న లోతు తక్కువ నీటిలో నెట్టుకురావాలి. కీల్, అంటే పడవ అడుగు నుంచి నీటిలోకి దిగే రెక్క, పొట్టిగా ఉన్న పడవలకు అక్కడ లాభం, లోతైన కీల్ ఉన్నవాళ్లకు ఇసుకలో కూరుకుపోయే ప్రమాదం. గాలి సాయంత్రానికి పుంజుకున్న ఏడాది చిన్న పడవలు నెగ్గుకొస్తాయి, పడిపోయిన ఏడాది పెద్దవాటి పంట పండుతుంది. రేటింగ్ అంకె పడవను కొలుస్తుంది, ఆ రోజు ఏ గంటకు ఏ నీరు దొరికిందో కొలవదు. అందుకే ఒక్క ఏడాది ఫలితం చూసి ఎవరు గొప్ప నావికులో తేల్చేవాళ్ల మాట నేను పట్టించుకోను.

అపోహ: గాలికి ఎదురుగా వెళ్లలేరు కాబట్టి అనుకూలమైన గాలి కోసం ఎదురుచూస్తారు.

సూటిగా వెళ్లలేం. సుమారు 45 డిగ్రీల కోణంలో అటొకసారి ఇటొకసారి తిప్పుతూ వెళ్తాం. ఈ తీరంలో నైరుతి గాలే ఎక్కువ కాబట్టి కౌస్ నుంచి నీడిల్స్ దాకా చాలా ఏళ్లు ఇదే పని. ప్రవాహం ముందుకు, గాలి ఎదురుగా ఉంటే అలలు నిటారుగా లేస్తాయి. తిన్న ఉదయపు టిఫిను గురించి అప్పుడు ఆలోచించకూడదు.

అపోహ: నీడిల్స్ దగ్గర దీపస్తంభాన్ని ఎంత ఆనుకుని తిరిగితే అంత మేలు.

దూరం తగ్గే మాట నిజమే. కానీ 1947లో వర్వాసి అనే గ్రీకు సరుకు ఓడ అక్కడే రాళ్లకెక్కి ధ్వంసమైంది. దాని ఇనుప శకలాలు ఇప్పటికీ నీటి కిందే ఉన్నాయి. దీపస్తంభానికీ శకలాలకూ మధ్య సందులోంచి దూరిపోవచ్చని కొందరు ప్రయత్నిస్తారు, దారి తెలిసినవాళ్లు దాటుతారు కూడా. ముందు పడవ దాటింది కదా అని వెనకే వెళ్లేవాళ్లే దెబ్బతింటారు. ముందు పడవ కీల్ లోతెంతో, మనదెంతో?

అపోహ: 1851లో అమెరికా అనే స్కూనర్ (రెండు స్తంభాల తెరచాప పడవ) గెలిచిన రేసు ఇదే.

కాదు. అదీ ఈ ద్వీపం చుట్టూనే జరిగింది, ఆ గెలుపుతోనే అమెరికాస్ కప్ అనే పేరున్న పడవ పందెం పుట్టింది. కానీ అది రాయల్ యాట్ స్క్వాడ్రన్ అనే మరో క్లబ్ పెట్టిన వేరే పోటీ, పైగా అప్పుడు తూర్పు వైపు నుంచి చుట్టారు. ఇప్పటి రేసులో ద్వీపం ఎప్పుడూ ఎడమచేతి వైపే ఉండాలి.

అపోహ: తెరచాప పడవకు ఓడలు దారి ఇవ్వాల్సిందే.

సోలెంట్‌లో ఆ మాట మరిచిపోవాలి. సౌతాంప్టన్ రేవుకు పోయే 150 మీటర్ల పొడవు దాటిన ఓడలకు ముందు 1,000 మీటర్లు, ఇరుపక్కలా 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం ఉంటుంది. ఆ ప్రాంతం ఓడతోపాటే కదులుతుంది. రేసులో ఉన్నామన్నా మినహాయింపు లేదు.

అపోహ: రేసు మధ్యలో లంగరు వేయడమంటే ఓటమి ఒప్పుకోవడం.

గాలి చచ్చిపోయి ప్రవాహం ఎదురు తిరిగినప్పుడు లంగరు వేసినవాడే తెలివైనవాడు. నీటి వేగం చూపే మీటరులో ఒక నాటు కనిపిస్తూనే ఉంటుంది, జీపీఎస్ చూస్తే పడవ వెనక్కి జారిపోతుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు తెరచాపలు సర్దుకుంటూ అలా జారిపోతుంటే, లంగరు వేసి కూర్చున్న పడవ ఏమీ చేయకుండానే స్థానాలు ఎగబాకుతుంది. రేసు నియమాలు దీన్ని ఒప్పుకుంటాయి. షరతు ఒకటే: మళ్లీ బయలుదేరే ముందు లంగరు పైకి తీసుకోవాలి, తీయడం అసాధ్యమైతే తప్ప వదిలేసి పోకూడదు. బరువైన లంగరు ముందు భాగంలో ఉంటే పడవ ముక్కు దిగి వేగం తగ్గుతుంది కాబట్టి చాలామంది దాన్ని లోపల అడుగున దాస్తారు. గాలి ఆగిన నిమిషంలో చేతికందేలా మాత్రం పెట్టుకోండి, తాడు ముందే ముడివేసి.