నదీలోయ పార్కు పక్కన పాత ఇల్లు: అపోహలు - వాస్తవాలు

నదీలోయ పార్కు అంచున, పెద్ద చెట్ల నీడలో ఉన్న పాత కాలనీలో ఇల్లనగానే అందరి చూపూ నది వైపే పోతుంది. ఇలాంటి ఇళ్లను పరీక్షించేటప్పుడు మేం ముందు చూసేది మాత్రం చూరు నీళ్లు ఎటు పోతున్నాయన్నదే.

అపోహ: ఇల్లు లోయ పైఅంచున ఉంది, నీటితో భయం లేదు.

వరద అంత ఎత్తుకు రాకపోవచ్చు. కానీ గట్టు జారడానికి పైనుంచి ఇంకే నీళ్లు చాలు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,500 లీటర్లు. అన్ని నీళ్లూ ఒకే పైపు గుండా గట్టు అంచున పడితే మట్టి నాని బరువెక్కుతుంది, దాని పట్టు సడలుతుంది. కింద నది గట్టు పాదాన్ని కోస్తుంటే ఆనిక కూడా పోతుంది.

అందుకే పైపు నీళ్లు గోడకు కనీసం 2 మీటర్ల దూరంలో, లోయ వైపు కాకుండా వీధి కాలువ వైపు పడాలి. గోడ పక్క నేల మొదటి 3 మీటర్లలో 15 సెంటీమీటర్లు దిగాలి. పాత ఇళ్లలో పునాది పక్క మట్టి కుంగి, ఈ వాలు తరచూ ఇంటివైపే తిరిగి ఉంటుంది. పొడవాటి బద్ద మీద రసమట్టం పెడితే తెలిసిపోతుంది.

అంచుకు సమాంతరంగా నెర్రెలు, ఒరిగిన కంచె స్తంభాలు, మొదలు దగ్గర కొడవలిలా వంగి పైన నిటారుగా ఎదిగిన చెట్లు కనిపిస్తే నేల కదులుతోందేమోనని అనుమానించాలి. నెర్రెకు రెండు వైపులా మేకులు దించి, నెలనెలా మధ్య దూరం రాసిపెట్టుకోండి. పెరుగుతుంటే ఆలస్యం చేయకుండా జియోటెక్నికల్ ఇంజినీరును (నేల, గట్టుల పటుత్వం పరీక్షించే నిపుణుణ్ని) పిలవండి. ఈలోగా నెర్రెను బంకమట్టితో దిమ్మిస కొట్టి మూయండి, వాన నీరు నేరుగా లోపలికి దిగకుండా.

అపోహ: కోసిన గడ్డి, ఆకులు లోయలో పారబోస్తే ఎరువే కదా.

ఆ కుప్ప కింద మొక్కలు చస్తాయి, వాటి వేళ్లు మట్టిని పట్టుకోవడం మానేస్తాయి. తడిసిన చెత్త బరువు అదనం.

అపోహ: నూరేళ్ల వరద వచ్చిపోయింది, మళ్లీ నూరేళ్లకే.

ఆ మాటకు అర్థం ఏటా 1 శాతం అవకాశం ఉందని. ముప్పై ఏళ్లు అక్కడే ఉంటే, ఒక్కసారైనా చూసే అవకాశం దాదాపు 26 శాతం.

అపోహ: వేళ్లే డ్రైనేజీ పైపును పగలగొట్టాయి, చెట్టు కొట్టేస్తే సరి.

బాగున్న పైపును వేరు సాధారణంగా పగలగొట్టదు. పాత మట్టి పైపుల అతుకుల్లో సిమెంటు రాలిపోతుంది, ఆ సందులోంచి తేమ బయటికొస్తుంది. వెంట్రుకంత వేరు దాన్ని పట్టుకుని దూరి, లోపల జడలా అల్లుకుంటుంది. కోసి తీస్తే కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. కెమెరా పంపి ఏ అతుకో తేల్చుకుని దాన్నే బాగుచేయించాలి. బంకమట్టి నేలలో పెద్ద చెట్టును ఒక్కసారిగా కొట్టేస్తే, అది ఇన్నాళ్లూ తాగిన నీరు మట్టిలోనే మిగిలి, నేల ఉబ్బి, పునాదిని ఎత్తేయొచ్చు.

అపోహ: గోడ చెమ్మకు వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే చాలు.

ముందు చెమ్మ ఎటునుంచో తేల్చండి. 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగంచులా టేపుతో అంటించి ఒక రోజంతా ఉంచండి. గదివైపు తడిస్తే అది గాలిలోని తేమ, గాలి ఆడేలా చూడాలి. గోడవైపు తడిస్తే నీరు గోడలోంచే వస్తోంది. అప్పుడు లోపల పూసిన పెయింట్ ఉప్పు పట్టి పొరలుగా లేస్తుంది. బయటికెళ్లి చూరు పైపు, నేల వాలు చూడండి.