కుకీలు క్లియర్ చేసే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

తెనాలిలో మా షాపుకి కంప్యూటర్ రిపేర్ల కన్నా "సైట్ ఓపెన్ అవట్లేదు, లాగిన్ అవట్లేదు, ఫారం సబ్మిట్ అవట్లేదు" అనే ఫిర్యాదులే ఎక్కువ వస్తాయి. వచ్చిన మనిషి కుర్చీలో కూర్చోకముందే ఒక మాట అనేస్తారు: "కుకీలన్నీ క్లియర్ చేసేశానండీ, అయినా రావట్లేదు." నేను వెంటనే అడిగేది, "కుకీలతో పాటు ఇంకేం టిక్కులు పెట్టారు?" అని. చాలామందికి గుర్తుండదు. వీడియోలో అన్నీ టిక్ పెట్టమన్నాడు, పెట్టాం అంటారు.

కాబట్టి ముందు ఈ అపోహ సంగతి తేల్చుకుందాం. ఏ సమస్య వచ్చినా బ్రౌజర్లో ఉన్నదంతా తుడిచేస్తే బాగైపోతుంది, తుడిస్తే పోయేదేమీ లేదు అనుకుంటున్నారు. పోతుందండీ. కొందరికి చాలానే పోయింది.

అసలు కుకీ ఎందుకు పుట్టింది? వెబ్ సర్వర్‌కి జ్ఞాపకం ఉండదు. ఒక పేజీ అడిగారు, ఇచ్చింది, అంతటితో మిమ్మల్ని మర్చిపోయింది. మళ్లీ ఇంకో పేజీ అడిగితే మీరెవరో దానికి తెలియదు. ఈ ఇబ్బందికి 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లీ అనే ఇంజనీరు కనిపెట్టిన ఉపాయమే కుకీ. గుడి దగ్గర చెప్పుల స్టాండులో టోకెన్ ఇస్తారు చూశారా, అలాంటిది. లాగిన్ అయినప్పుడు సైటు మీ బ్రౌజర్‌కి ఒక నంబరు ఇస్తుంది, మీరు వెళ్లిన ప్రతిసారీ బ్రౌజర్ ఆ నంబరు చూపిస్తుంది, సర్వర్ గుర్తుపడుతుంది. అదొక చిన్న అక్షరాల ముక్క, అంతే. ప్రోగ్రామ్ కాదు, దానంతటది నడవదు, కాబట్టి వైరస్ అయ్యే అవకాశమే లేదు.

ఇప్పుడు ఇవన్నీ టిక్ పెట్టి తుడిచే డిలీట్ విండో సంగతి. కంప్యూటర్లో కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కితే వస్తుంది. అందులో ఒక్కో గడి ఒక్కో వస్తువు. బ్రౌజింగ్ హిస్టరీ అంటే మీరు చూసిన పేజీల జాబితా. కుకీస్ అండ్ అదర్ సైట్ డేటా అంటే ఇందాక చెప్పిన టోకెన్లు, వాటితో పాటు సైట్లు మీ మెషీన్లో దాచుకున్న ఇతర సమాచారం. వాట్సాప్ వెబ్ లాంటివి ఇక్కడే ఎగిరిపోతాయి, మళ్లీ ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్ అంటే పేజీ తొందరగా తెరుచుకోవడానికి దాచిన బొమ్మలు, ఫైళ్లు. ఇది పోతే నష్టం లేదు, మళ్లీ దిగుతాయి. అసలు ప్రమాదం పాస్‌వర్డ్స్, ఆటోఫిల్ (ఫారాల్లో మీ పేరు, అడ్రసు తనంతట తానే నింపేది) అనే గడులతోనే. బ్రౌజరును బట్టీ, వెర్షన్‌ను బట్టీ అవి వేరే ట్యాబ్‌లో కొంచెం లోపలికి ఉండొచ్చు. పైన టైమ్ రేంజ్ దగ్గర ఆల్ టైమ్ పెట్టి, ఈ గడులకు కూడా టిక్ పెట్టి డిలీట్ నొక్కితే మీరు ఎప్పటినుంచో సేవ్ చేసుకున్న పాస్‌వర్డులన్నీ పోతాయి. సింక్, అంటే ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఒకే సమాచారం ఉంచే సెట్టింగ్, ఆన్‌లో ఉంటే కంప్యూటర్లో తుడిచింది ఫోన్లోనూ తుడిచిపెట్టుకుపోతుంది. "ఫోన్లో ఉన్నాయిలే" అన్న ధీమా అక్కడ పనికిరాదు.

ఇలాగే ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. పెన్షన్ పేపర్లకు సంబంధించిన మెయిల్స్ అన్నీ ఆయన జీమెయిల్‌లో ఉన్నాయి. ఎడ్జ్ బ్రౌజర్లో ఎప్పుడో లాగిన్ అయ్యారు, అప్పటినుంచి తెరిస్తే చాలు మెయిల్ కనిపించేది. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమే ఆయనకు రాలేదు. కంప్యూటర్ స్లోగా ఉందని ఎవరో చెబితే వీడియో చూసి అన్ని గడులూ టిక్ పెట్టి తుడిచేశారు. లాగిన్ పోయింది, సేవ్ అయిన పాస్‌వర్డూ పోయింది. రికవరీకి ఇచ్చిన నంబరు ఎప్పుడో వదిలేసిన సిమ్‌ది. "బాబూ, ఆ మెయిల్స్ లేకపోతే నా పరిస్థితేంటి" అని అడుగుతుంటే ఆయన చేతులు వణికాయి. ఇంట్లో ఎక్కడైనా పాత ఫోనో ట్యాబో ఉందేమో చూడమన్నాను. మనవరాలి పాత ట్యాబులో ఆయన అకౌంట్ ఇంకా లాగిన్ అయ్యి ఉంది. రికవరీ చేసినప్పుడు ఆ ట్యాబు మీదికే "ఇది మీరేనా" అన్న ప్రశ్న వచ్చింది, అలా బయటపడ్డాం. ఆ ట్యాబు లేకపోతే నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. గూగుల్ రికవరీ సూచనల్లోనే ఉంటుంది, మామూలుగా వాడే పరికరం నుంచి, మామూలుగా వాడే బ్రౌజర్లోనే ప్రయత్నించండని. ఆ బ్రౌజర్‌ని తుడిచేశాక అది మిమ్మల్ని గుర్తుపట్టే ఆధారాలు తగ్గిపోతాయి. ఆ వీడియోలు చేసేవాళ్లు ఒక్కసారైనా ఈ మాట చెప్పరు, నాకు అదే కోపం.

సరే, మరి సైటు సతాయిస్తుంటే ఏం చేయాలి? ముందు అదే సైటును ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే మీ పాత కుకీలేవీ వాడని ప్రైవేట్ విండోలో, తెరవండి. అక్కడ బాగా వస్తుంటే తప్పు మీ బ్రౌజర్లోని కుకీలోనో, క్యాష్‌లోనో, ఎక్స్‌టెన్షన్‌లోనో (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రామ్) ఉన్నట్టు. అక్కడా రాకపోతే మీ కుకీల జోలికే వెళ్లొద్దు, గొడవ సర్వర్‌ది గానీ నెట్‌ది గానీ. రిజల్ట్స్ రోజున, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) వెబ్ ఆప్షన్ల, అంటే కాలేజీలు ఎంచుకునే, ఆఖరి రోజున 502, 503 అని వస్తే అది సర్వర్ మీద లోడు. మీరు లక్ష సార్లు క్లియర్ చేసినా దాని లోడు తగ్గదు. అదే "రిక్వెస్ట్ హెడర్ ఆర్ కుకీ టూ లార్జ్" అనో, "టూ మెనీ రీడైరెక్ట్స్" అనో వస్తే మాత్రం కుకీని అనుమానించాల్సిందే.

అప్పుడు కూడా ఆ ఒక్క సైటు కుకీలు తీస్తే చాలు. క్రోమ్‌లో సైట్ అడ్రసుకి ఎడమ పక్కన చిన్న గుర్తు ఉంటుంది. అది నొక్కి, కుకీస్ అండ్ సైట్ డేటా లోకి వెళ్లి, మేనేజ్ ఆన్ డివైస్ సైట్ డేటా అన్న చోట ఆ సైటు పేరు పక్కన చెత్తబుట్ట బొమ్మ నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ పక్కన తాళం గుర్తు నొక్కితే క్లియర్ కుకీస్ అండ్ సైట్ డేటా అని నేరుగా కనిపిస్తుంది. మిగతా సైట్ల లాగిన్లు, మీ పాస్‌వర్డులు ఎక్కడివక్కడే ఉంటాయి.

వెబ్ ఆప్షన్లు పెట్టే పిల్లలకు ఇంకో మాట. మీరు సేవ్ నొక్కిన ఆప్షన్లు సర్వర్లో ఉంటాయి, కుకీలు పోయినంత మాత్రాన అవి పోవు. సేవ్ నొక్కనివి పోతాయి. మధ్యమధ్యలో సేవ్ నొక్కుతూ ఉండండి. సెషన్ ఎక్స్‌పైర్ అయిందని వస్తే ఏడవక్కర్లేదమ్మా, మళ్లీ లాగిన్ అయితే సరి.

దీనికి పూర్తిగా ఎదురు అపోహ కూడా ఉంది: నెట్ సెంటర్లో బ్రౌజర్ క్లోజ్ చేస్తే, లేదా కుకీలు తుడిచేస్తే లాగౌట్ అయినట్టే అని. బ్రౌజర్లో "ఎక్కడ ఆపారో అక్కడి నుంచి" అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మూసి తెరిచినా లాగిన్లు అలాగే ఉండొచ్చు. క్రోమ్‌లో ఇంకో మెలిక. జీమెయిల్ తెరిచే క్రమంలో ఆ సిస్టమ్‌లోని క్రోమ్‌లోనే మీ అకౌంట్‌తో సైన్ ఇన్ అయ్యారనుకోండి, కుకీలు తుడిచినా గూగుల్ అకౌంట్ నుంచి మాత్రం బయటికి రారు. ఆ విండోలోనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. సైన్ అవుట్ నొక్కాలి, కుడి మూల ప్రొఫైల్ బొమ్మ దగ్గర మీ పేరు పోయిందో లేదో చూసుకోవాలి. అంతకన్నా మేలు, వేరేవాళ్ల సిస్టమ్‌లో మొదటి నుంచీ ఇన్‌కాగ్నిటోలో పని చేసి, చివర్లో ఆ విండోలన్నీ మూసేయడం. మర్చిపోయి వచ్చేస్తే ఫోన్లో గూగుల్ అకౌంట్, సెక్యూరిటీ, యువర్ డివైసెస్‌లోకి వెళ్లి ఆ సిస్టమ్‌ను సైన్ అవుట్ చేయొచ్చు.

టోకెన్ దొంగిలించడం అనేది నిజంగానే జరుగుతుంది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లు, ఎవరివో తెలియని ఎక్స్‌టెన్షన్లు కంప్యూటర్లో దూరి కుకీలను కాపీ చేసుకుపోతాయి. పాస్‌వర్డ్, ఓటీపీ అవసరం లేకుండానే మీ అకౌంట్లోకి దూరతారు. అలాంటి అనుమానం ఉన్నప్పుడు మీ దగ్గరి కుకీ తుడిస్తే లాభం లేదు, వాడి దగ్గర కాపీ ఉంది. శుభ్రంగా ఉన్న ఇంకో పరికరం నుంచి పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్ అన్నది నొక్కాలి. అప్పుడే ఆ టోకెన్ సర్వర్ దగ్గర రద్దవుతుంది.

మరి సైటు తెరవగానే కుకీలకు ఒప్పుకోమంటూ వచ్చే బ్యానర్లో "ఆక్సెప్ట్ ఆల్" సంగతి? "అన్నా, నిన్న ఏదో సైట్లో కుకీలు ఆక్సెప్ట్ చేశాను, బ్యాంకులో డబ్బులు పోతాయా" అని రాత్రి పదింటికి ఫోన్ చేసిన చెల్లెమ్మ ఉంది. పోవమ్మా. అది ఓటీపీ చెప్పడం లాంటిది కాదు. ప్రకటనల కంపెనీలు మీరేం చూస్తున్నారో గమనించడానికి ఒప్పుకున్నట్టు, అంతే. అది కూడా ఇష్టం లేకపోతే రిజెక్ట్ నొక్కండి, చాలా సైట్లు అలాగే పని చేస్తాయి. ఈ బ్యానర్లు యూరప్ చట్టాల వల్ల వచ్చాయి. ముందే టిక్ పెట్టి ఉంచిన గడి సమ్మతి కిందికి రాదని అక్కడి కోర్టు 2019లో తేల్చింది. కార్డు నంబర్లు కుకీల్లో ఉంటాయన్న భయం కూడా వద్దు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2022 అక్టోబర్ 1 నుంచి మన దేశంలో షాపింగ్ సైట్లు అసలు కార్డు నంబరును తమ దగ్గర దాచుకోకూడదు.

తత్కాల్‌కు ముందు కుకీలు తుడిస్తే టికెట్ తొందరగా దొరుకుతుందని ఎవరు పుట్టించారో గానీ, ఉన్న లాగిన్ పోయి సరిగ్గా పది గంటలకు కాప్చా కొట్టుకుంటూ కూర్చోవాలి. దయచేసి ఆ పని చేయకండి.

గూగుల్ థర్డ్ పార్టీ కుకీలను (మీరు తెరిచిన సైటు కాకుండా, అందులోని ప్రకటనల కంపెనీల లాంటి వేరేవాళ్లు పెట్టేవి) క్రోమ్‌లో తీసేసిందని కూడా చాలామంది నమ్ముతున్నారు. తీసేస్తామని 2020లో చెప్పింది, వాయిదాలు వేసింది, 2025 ఏప్రిల్‌లో ఇప్పుడున్న పద్ధతే కొనసాగుతుందని చెప్పేసింది. సఫారీ 2020 నుంచి వాటిని తనంతట తానే ఆపుతోంది, ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఒక సైటు కుకీలు ఇంకో సైటుకి అందకుండా విడివిడిగా పెడుతోంది. క్రోమ్‌లో మాత్రం మీరే సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, థర్డ్ పార్టీ కుకీస్‌లోకి వెళ్లి బ్లాక్ చేసుకోవాలి. చేసుకోండి. దాని తర్వాత ఏదైనా సైట్లో లాగిన్ గానీ పేమెంట్ పేజీ గానీ మొండికేస్తే అడ్రస్ బార్ కుడి చివర కన్ను బొమ్మ వస్తుంది, అది నొక్కి ఆ ఒక్క సైటుకి అనుమతిస్తే పని జరుగుతుంది.

స్క్రీన్ మూలలో "మీ ఫోన్లో 13 వైరస్‌లు" అంటూ వచ్చేవి కుకీల వల్ల కాదు. ఎప్పుడో ఏదో సైట్లో నోటిఫికేషన్లకు అలౌ నొక్కి ఉంటారు. కుకీలు ఎన్నిసార్లు తుడిచినా ఆ అనుమతి పోదు. సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిచి, అలౌ జాబితాలో మీకు తెలియని సైట్లన్నిటినీ తీసేయండి.