పద్దెనిమిది దాటితే ఏంజెల్మన్ మందు పనిచేయదా?

ఏంజెల్మన్ సిండ్రోమ్ అంటే మెదడు ఎదుగుదలను దెబ్బతీసే, పుట్టుకతో వచ్చే జన్యు జబ్బు. దాని మందు చిన్నపిల్లలకేనా, పెద్దవాళ్లకూ పనిచేస్తుందా అన్న వాదన మళ్లీ రాజుకుంది. మందుల కంపెనీ అల్ట్రాజెనిక్స్ తన మూడో దశ ట్రయల్‌లోకి 4 నుంచి 17 ఏళ్ల వాళ్లనే, అదీ తల్లి వైపు జీన్ పూర్తిగా ఊడిపోయిన వాళ్లనే తీసుకుంది. మరో కంపెనీ ఐయోనిస్ మాత్రం 2 నుంచి 50 ఏళ్ల దాకా రమ్మంది. జబ్బు ఒకటే, మందు తరహా ఒకటే. మరి వయసు దగ్గర ఇంత తేడా ఎందుకు?

జబ్బు లక్షణాల జోలికి వెళ్లను. మెదడు న్యూరాన్లలో యూబీఈ3ఏ జీన్‌కు తల్లి ఇచ్చిన కాపీ ఒక్కటే పనిచేస్తుంది. తండ్రి కాపీ బాగానే ఉన్నా, ఎదురు దిశలో తయారయ్యే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ దాన్ని నోరెత్తనివ్వదు. తల్లి కాపీ పోతే ఇక దిక్కులేదు. (చాలామందిలో ఇది తరతరాలుగా వచ్చేది కాదు, 15వ క్రోమోజోమ్ ముక్క కొత్తగా ఊడిపోతుంది. తల్లిని తప్పుపట్టే బంధువులకు ఎవరైనా చెప్తే బాగుణ్ను.)

నన్నడిగితే ఇవాళ్టి గొడవకు మూలం 2015లో వచ్చిన ఒక ఎలుకల ప్రయోగం. రోటర్‌డామ్‌లో ఎల్గర్స్మా బృందం ఈ జీన్‌ను వేర్వేరు వయసుల్లో తిరిగి పనిచేయించి చూసింది. తొలినాళ్లలోనే పనిచేయిస్తే దాదాపు అన్నీ సర్దుకున్నాయి. కౌమారంలో అయితే కదలికలు మెరుగయ్యాయి గానీ ఆందోళన, మూర్ఛ, చేసిందే చేయడం తగ్గలేదు. వయసొచ్చిన ఎలుకల్లో ప్రవర్తన మారలేదు. ‘చిన్నప్పుడే చేయాలి’ అన్న మాట అక్కడి నుంచే ఊతపదమైంది.

అదే పేపర్లో ఇంకో సంగతి ఉంది. మెదడులో జ్ఞాపకాలు చూసుకునే భాగమైన హిప్పోకాంపస్‌లో, న్యూరాన్ల మధ్య సంధులు (సినాప్సులు) అవసరాన్ని బట్టి మారే గుణం ఏ వయసులోనైనా తిరిగొచ్చింది. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పెద్దయిన పిల్లల తల్లిదండ్రులు అడిగేది దీని గురించే. అంతకు కొన్ని నెలల ముందే, 2014 చివర్లో, హ్యూస్టన్‌లోని బేలర్‌లో బోడే బృందం, ఐయోనిస్ కలిసి ఆ అడ్డుపడే ఆర్‌ఎన్‌ఏను తెగ్గొట్టే యాంటీసెన్స్ మందును ఎదిగిన ఎలుకలకే ఇచ్చాయి. ఒక్క డోసుతో తండ్రి జీన్ నెలల తరబడి పనిచేసింది, ఒక జ్ఞాపక పరీక్షలో ఎలుకలు మెరుగయ్యాయి కూడా. ఎలుక మనిషి కాదు, నిజమే. కానీ ఆ మాట ‘చిన్నప్పుడే’ అన్న ప్రయోగానికీ వర్తించాలిగా?

పిల్లలతోనే మొదలుపెట్టాలనే పక్షం చెప్పేదాంట్లోనూ కొంత నిజముంది. ముందు ఫలితం కనిపించే చోట ట్రయల్ గెలవాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు. 2020 టెన్షన్ కూడా దీని వెనక ఉంది. అల్ట్రాజెనిక్స్ మందు జీటీఎక్స్-102 ఎక్కువ డోసు తీసుకున్న తొలి ఐదుగురికీ కాళ్లు బలహీనపడ్డాయి. నడుము దగ్గర ఇంజెక్షన్ ఇచ్చిన చోట వాపు వచ్చింది. అందరూ కోలుకున్నారు, డోసు బాగా తగ్గించాక ట్రయల్ మళ్లీ మొదలైంది. పైగా ఈ మందు ఆర్‌ఎన్‌ఏను కోస్తుందే తప్ప తండ్రి కాపీని మూయించే అసలు ఏర్పాటును చెరపదు, కాబట్టి వెన్నులో ఇంజెక్షన్ మళ్లీ మళ్లీ తప్పదు. ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం.

తర్వాత అల్ట్రాజెనిక్స్ ఆరోరా పేరుతో మిగతా వయసులకు, మిగతా జన్యు రకాలకు వేరే అధ్యయనం పెట్టింది. అసలు ట్రయల్ గీత మాత్రం 17 దగ్గరే ఉండిపోయింది.