ప్లాస్టిక్ సర్జన్ శిక్షణ: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎంబీబీఎస్ తరువాత కొద్ది నెలల కోర్సు చేస్తే ప్లాస్టిక్ సర్జన్ కావచ్చు.

వాస్తవం: భారతదేశంలో ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్‌కు ఐదున్నర సంవత్సరాలు, జనరల్ సర్జరీలో ఎంఎస్‌కు 3 సంవత్సరాలు, సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష అయిన నీట్ ఎస్‌ఎస్ రాసి సీటు పొందాక ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీకి మరో 3 సంవత్సరాలు పడతాయి. ఒక్క ఏడాది కూడా వృథా కాకపోయినా ఇది పదకొండున్నర సంవత్సరాల చదువు. ఎంబీబీఎస్ నుంచి నేరుగా చేరగలిగే 6 సంవత్సరాల డీఆర్‌ఎన్‌బీ (జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) మార్గం కూడా ఉంది. అమెరికాలో మెడికల్ స్కూల్ తరువాత నేరుగా ప్లాస్టిక్ సర్జరీలోనే చేరే సమీకృత రెసిడెన్సీకి, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణకు, 6 సంవత్సరాలు కావాలి. కొన్ని వారాల్లో పూర్తయ్యే సౌందర్య చికిత్సల సర్టిఫికెట్లు ఈ శిక్షణకు ప్రత్యామ్నాయం కావు. అందువల్ల రోగులు వైద్యుని అర్హత ఏమిటని నిస్సంకోచంగా అడగాలని నేను కోరుకుంటాను.

అపోహ: ఈ శిక్షణలో నేర్పేది ముక్కు చక్కదిద్దడం, కొవ్వు తీయడం వంటివే.

వాస్తవం: నా దగ్గర శిక్షణ పొందిన యువ వైద్యులలో కూడా కొందరు ఈ భావనతోనే వచ్చారు. వారి తొలి నెలలు ఎక్కువగా గడిచేది కాలిన గాయాల వార్డులో, యంత్రాల్లో చేతులు నలిగి అర్ధరాత్రి వచ్చే కార్మికుల దగ్గర, గ్రహణమొర్రితో పుట్టిన పసిపిల్లల దగ్గర. అక్కడ ప్రతి రోగి విషయంలోనూ వారిని నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ కణజాలానికి రక్తం ఎక్కడి నుంచి అందుతుంది? తొడ నుంచి తీసిన పలుచని చర్మపు పొర అతుక్కోవాలంటే అడుగున ఉన్న గాయమే దానికి రక్తం అందించాలి. ఎముకను కప్పి ఉంచే పొర కూడా పోయి ఎముక బయటపడిన చోట అది సాధ్యం కాదు కాబట్టి, చర్మాన్నో కండనో దాని రక్తనాళాలతో సహా తెచ్చి కప్పాలి. దీనినే ఫ్లాప్ అంటాం.

సౌందర్య శస్త్రచికిత్సకు పునాది కూడా ఇదే. ముఖంపై ముడతలు తగ్గించడానికి చర్మాన్ని పైకి లేపి బిగించేటప్పుడు దాని అంచులకు రక్తం తగ్గుతుంది. పొగ తాగేవారిలో సన్నని రక్తనాళాలు ముడుచుకుపోవడం వల్ల ఆ అంచులు చనిపోయే ప్రమాదం మరింత ఎక్కువ. కాలిన గాయాల వార్డులో చర్మం బతకడాన్నీ చనిపోవడాన్నీ కళ్లారా చూసిన వైద్యుడు ఆ బిగింపును ఎక్కడ ఆపాలో గ్రహిస్తాడు.

అపోహ: పేరులో ప్లాస్టిక్ ఉంది కాబట్టి శరీరంలో ప్లాస్టిక్ పెడతారు.

వాస్తవం: మలచడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఈ పేరు వచ్చింది. 1907లో బేకలైట్ తయారు కావడానికి చాలా ముందే, 1818 నాటికే, ఈ మాట శస్త్రచికిత్సలో వాడుకలో ఉంది.

అపోహ: పుట్టుకతోనే కళాకారుని చేయి ఉన్నవారికే ఈ రంగం.

వాస్తవం: చేతి నైపుణ్యం అభ్యాసంతో వస్తుంది. మైక్రోసర్జరీలో సుమారు 1 మిల్లీమీటరు వెడల్పున్న రక్తనాళాలను, తల వెంట్రుక కన్నా సన్నని దారంతో, మైక్రోస్కోప్ కింద కలపాలి. అందుకే ముందు సిలికాన్ గొట్టాలపైన, తరువాత కోడి తొడలోని రక్తనాళాలపైన నెలల తరబడి సాధన చేయిస్తాం. సూది పొరపాటున నాళపు వెనుక గోడను కూడా పట్టుకుంటే రక్తప్రవాహం ఆగిపోవచ్చు. కుట్టు మళ్లీ విప్పి వేసే ఓపిక అక్కడే అలవడుతుంది.

ఆపరేషన్ తరువాతి రాత్రిని నేను అంతకన్నా ముఖ్యమైన పాఠంగా భావిస్తాను. మొదటి రోజంతా శిక్షణలో ఉన్న వైద్యుడు గంటగంటకూ అలా నాళాలు కలిపిన ఫ్లాప్ రంగునూ వెచ్చదనాన్నీ పరీక్షిస్తాడు, వేలితో నొక్కి వదిలాక రక్తం ఎంత త్వరగా తిరిగి వస్తుందో గమనిస్తాడు. పాలిపోతే ధమనిలో, నీలంగా మారితే సిరలో అడ్డంకి ఉందని అనుమానించాలి. ఆ మార్పును వెంటనే పసిగట్టి, తెల్లవారే వరకు ఆగకుండా, సీనియర్‌ను నిద్ర లేపి రోగిని తిరిగి థియేటర్‌కు చేరిస్తే చాలాసార్లు ఆ ఫ్లాప్‌ను కాపాడుకోగలం.