బీపీ మాత్రలు, మూలికల పొడులు: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో ఇరవై ఏళ్ళకు పైగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్న నేను, రక్తపోటు మాత్రల చీటీ చేతికి తీసుకోగానే "ఇవి కాక ఇంకేమైనా మందులు వాడుతున్నారా అండీ?" అని అడుగుతాను. దాదాపు అందరూ లేదనే చెబుతారు. చూర్ణాలు, కషాయాలు, క్యాప్సూల్స్ గురించి విడిగా అడిగినప్పుడు మాత్రం పూర్ణా మార్కెట్‌లో కొన్న పొట్లాల గురించీ, బీచ్ రోడ్డులో ఉదయపు నడకలో పరిచయమైనవారు సిఫారసు చేసిన సీసాల గురించీ చెప్పడం మొదలుపెడతారు. వారు మొదట అబద్ధమాడలేదు. వారి లెక్కలో అవి మందులే కావు.

అపోహ: మూలికలు మందులు కావు కనుక మాత్రలతో కలిసినా ఏమీ కాదు.

వాస్తవం: రక్తపోటు చికిత్స చరిత్రలోనే దీనికి సమాధానం ఉంది. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించిన తరువాత, 1952లో ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది చాలాకాలం పాటు ప్రపంచమంతటా బీపీ మాత్రగా చలామణి అయింది. కనుక మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే బీపీ మాత్రలు) వాడుతూ, నిద్ర పడుతుందని సర్పగంధ గుళికలు కూడా వేసుకునేవారు నిజానికి రెండు బీపీ మందులు ఒకేసారి వాడుతున్నట్టే లెక్క. నాడి వేగం మరీ తగ్గిపోవచ్చు, లేవగానే కళ్ళు తిరగవచ్చు, కొందరిలో మనసు కుంగుబాటుకు లోను కావచ్చు.

అపోహ: అతిమధురం గొంతుకు మంచిది, బీపీతో దానికి సంబంధం లేదు.

వాస్తవం: నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువగా చిక్కు తెచ్చిపెట్టే మూలిక ఇదే. మూత్రపిండాలలో కార్టిసాల్ అనే హార్మోనును నిర్వీర్యం చేసే ఎంజైము ఒకటి ఉంటుంది. అతిమధురంలోని గ్లైసిరైజిన్ ఆ ఎంజైమును అడ్డుకోవడంతో, మిగిలిపోయిన కార్టిసాల్, ఉప్పును ఒంట్లో నిలిపే ఆల్డోస్టిరాన్ అనే హార్మోను చేయవలసిన పనిని తానే చేస్తుంది. ఫలితంగా ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోయి, పొటాషియం మూత్రంలో పోతుంది, రక్తపోటు పెరుగుతుంది. రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లైసిరైజిన్ రెండు వారాలు తీసుకుంటే ఆరోగ్యవంతులైన యువతీయువకులలో సైతం రక్తపోటు పెరిగిందని 2024లో స్వీడన్ పరిశోధకులు చూపించారు.

గాజువాక నుంచి వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయిని విషయంలో జరిగింది చెబితే ఇది మరింత స్పష్టమవుతుంది. ఆమె రామిప్రిల్ అనే బీపీ మాత్ర వాడేవారు. ఆ కోవకు చెందిన మాత్రలు కొందరికి పొడిదగ్గు తెప్పిస్తాయి, ఆమెకూ వచ్చింది. దగ్గు మాత్ర వల్ల వచ్చిందని తెలియక, తేనెతో అతిమధురం పొడి రెండు నెలలు తీసుకున్నారు. రక్తపోటు పెరగడంతో వైద్యుడు మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రను జోడించారు. ఆ మాత్రా పొటాషియాన్ని బయటికి పంపేదే కావడంతో, కొద్ది రోజులకే ఆమెకు పిక్కలు పట్టేయడం, మెట్లెక్కలేనంత నీరసం మొదలయ్యాయి. పొడి సంగతి ఆమె నాకు చెప్పిన రోజునే వైద్యునికీ చెప్పించాను. పొడి మాన్పించి, రామిప్రిల్‌కు బదులు టెల్మిసార్టన్ ఇచ్చిన తరువాత దగ్గు పోయింది. రక్తపోటు దారికి రావడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.

అపోహ: మాత్రకూ మూలికకూ మధ్య రెండు గంటల ఎడం ఉంటే చాలు.

వాస్తవం: ఎడం పాటించడం కొన్ని జంటల విషయంలో పనికివస్తుంది కానీ, అన్నిటికీ కాదు. పైన చెప్పిన అతిమధురం ప్రభావం గడియారాన్ని బట్టి నడవదు. ద్రాక్షపండుతో ఏ సంబంధమూ లేని గ్రేప్‌ఫ్రూట్ అనే నిమ్మజాతి పండు, పేగు గోడలోని ఒక ఎంజైమును పనికిరాకుండా చేసి, ఫెలోడిపిన్, నిఫెడిపిన్ వంటి బీపీ మాత్రలు రక్తంలోకి ఎక్కువగా చేరేలా చేస్తుంది. కొత్త ఎంజైము తయారయ్యే వరకు, అంటే ఒక రోజు పైబడి కూడా, ఆ ప్రభావం మిగిలే ఉంటుంది. మన పంపర పనసలోనూ అటువంటి పదార్థాలే ఉన్నాయి. ఎక్కువమంది వాడే ఆమ్లోడిపిన్‌పై మాత్రం ఈ ప్రభావం స్వల్పం. మూలిక పేరు ఒక్కటే చెప్పి "వాడవచ్చా?" అని అడిగినవారిని నేను మాత్ర పేరు కూడా అడగడానికి కారణం ఇదే.

అపోహ: వంటింట్లో వాడే దినుసే కదా, క్యాప్సూల్‌గా తీసుకున్నా అంతే.

వాస్తవం: పాడేరు కాఫీ తోటల మిరియాలు చారులో వేసుకుంటే భయపడవలసినది లేదు. పసుపు క్యాప్సూల్స్‌లో ఒంటికి బాగా పట్టడం కోసం కలిపే మిరియాల సారం, పైపరిన్, సంగతి వేరు. ప్రొప్రనొలాల్‌తో పాటు రోజూ 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చినప్పుడు రక్తంలో ఆ మందు మోతాదు పెరిగినట్టు 1991 నాటి పరిశోధనలోనే తేలింది. వెల్లుల్లి క్యాప్సూల్స్ రక్తపోటును కొద్దిగా తగ్గిస్తాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కూడా వాడుతున్నవారికి రక్తస్రావం ముప్పు పెంచవచ్చు.

అపోహ: సైంధవ లవణం బీపీ ఉన్నవారికి మంచిది.

వాస్తవం: అది కూడా దాదాపు పూర్తిగా సోడియం క్లోరైడే. "సోడియం తక్కువ" అని అమ్మే ఉప్పులో సోడియం కొంత తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరనొలాక్టోన్ వంటివి ఒంట్లో పొటాషియాన్ని నిలుపుతాయి కనుక, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారు ఆ ఉప్పునూ, పొటాషియం ఎక్కువగా ఉండే నోని పండు రసాన్నీ, రోజుకు రెండు మూడు కొబ్బరి బోండాలనూ వైద్యుని అడగకుండా మొదలుపెట్టకూడదు.

అపోహ: చెబితే డాక్టరు కోప్పడతారు, అందుకే చెప్పకపోవడం మేలు.

వాస్తవం: కోప్పడేవారూ ఉన్నారు, కాదనను. అయినా చెప్పకపోతే, పెరిగిన రక్తపోటుకు మరో మాత్ర జోడించడం తప్ప ఆయనకు వేరే దారి కనిపించదు. సీసా అయితే వెనుక వైపు లేబుల్‌ను ఫోన్‌లో ఫోటో తీసి చూపించండి. లేబుల్ లేని పొడి అయితే పొట్లమే తీసుకురండి. ముఖ్యంగా కీళ్ళనొప్పుల పొడులలో స్టెరాయిడ్లు, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు కలిపి అమ్మిన ఉదంతాలు మన దేశంలో బయటపడ్డాయి. ఆ రెండూ రక్తపోటును పెంచేవే. పొడి వాడడం ఎప్పుడు మొదలుపెట్టారో, ఆ తరువాత ఇంట్లో చూసుకున్న బీపీ అంకెలు ఎంతో, కాగితం మీద రాసుకుని వస్తే సగం పని అక్కడే అయిపోతుంది. ఈలోగా బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. బీటా బ్లాకర్లనూ, క్లోనిడిన్ అనే మరో బీపీ మాత్రనూ ఉన్నట్టుండి మానేస్తే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది.