లోపలికి వచ్చిన ఏడీసీ మళ్లీ బయటికెందుకు వెళ్లింది?

సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చేది ఏడీసీ. అలా కొలతలు నమోదు చేయడానికి ఏ మైక్రోకంట్రోలర్ (పరికరాలను నడిపే చిన్న కంప్యూటర్ చిప్పు) కొనాలని అడిగితే, చాలామంది ముందుగా చూపించేది బిట్ల లెక్క, అంటే వోల్టేజీని ఎన్ని మెట్లుగా కోస్తుందన్నది. 10 కంటే 12 మేలు అంటారు. అది సగం నిజమే.

1980లో ఇంటెల్ తెచ్చిన 8051 మైక్రోకంట్రోలర్‌లో ఏడీసీ లేదు. పక్కన 28 కాళ్ల ఏడీసీ0808 చిప్పు పెట్టుకోవాల్సిందే. చానల్ చిరునామా పెట్టి, ఏఎల్ఈ, స్టార్ట్ సంకేతాలిచ్చి, మార్పిడి ముగిసిందని చెప్పే ఈఓసీ పైకి లేచేదాకా కాచుకుని, ఫలితం బయటపెట్టమనే ఓఈ ఇస్తే 8 బిట్ల విలువ చేతికొచ్చేది. మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఈ తంతు నడిపినవారికి తెలుసు, తీగ ఒక్కటి వదులైతే ఆ పూట అంతే.

90లలో పిక్, ఏవీఆర్ చిప్పులు ఏడీసీని కడుపులో పెట్టుకుని వచ్చాయి. 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో పుట్టిన ఆర్డుయినో బోర్డు, ఆ తంతునంతా అనలాగ్‌రీడ్ అనే ఒక్క పిలుపులోకి కుదించింది. ఇబ్బంది కూడా అక్కడే మొదలైంది, లోపల జరిగేది కనబడకుండా పోయింది.

10 బిట్ల ఏడీసీ ఉన్న ఆర్డుయినో ఊనో బోర్డుకు ఎల్ఎం35 అనే ఉష్ణోగ్రత సెన్సర్ తగిలించి చూడండి. 5 వోల్టులను 1024 మెట్లు చేస్తే మెట్టుకు సుమారు 4.9 మిల్లీవోల్టులు. డిగ్రీకి 10 మిల్లీవోల్టులిచ్చే ఎల్ఎం35 కొలత 29.8 నుంచి ఒక్కసారిగా 30.3కు దూకుతుంది. పైగా కొలబద్ద ఆ యూఎస్‌బీ 5 వోల్టులే. అవి 4.8కి జారితే 30 డిగ్రీల గది 31 దాటినట్టు కనిపిస్తుంది. గది వేడెక్కలేదు, కేబుల్ నీరసించింది! లోపలి 1.1 వోల్టుల రిఫరెన్స్‌కు మారితే మెట్టు డిగ్రీలో పదో వంతుకు దిగుతుంది. కొత్త బోర్డు కొనక్కర్లేదు.

2007 నాటి ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్ 12 బిట్ల కొలతను ఒక మైక్రోసెకనులో ముగించి, ప్రాసెసర్‌ను కదిలించకుండానే డేటా మోసే డీఎంఏతో నేరుగా మెమరీలో పోస్తుంది. వైఫై ఉన్న ఈఎస్‌పీ32 చిప్పు కూడా 12 బిట్లదే, కానీ దాని కొలత గీత రెండు కొసల దగ్గర వంగుతుంది, వైఫై నడుస్తుంటే దానిలోని రెండు ఏడీసీల్లో రెండోది దక్కదు. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికోలోని ఆర్‌పీ2040 సంగతి మరీ విచిత్రం. పేరుకు 12 బిట్లు, పనికొచ్చేవి 8.7 అని దాని డేటాషీటే ఒప్పుకుంటుంది.

అందుకే తూకం యంత్రాలు చేసేవారు 24 బిట్ల ఏడీసీ చిప్పు హెచ్‌ఎక్స్711ను, నెమ్మదిగా మారే వోల్టేజీలకు 16 బిట్ల ఏడీసీ చిప్పు ఏడీఎస్1115ను మళ్లీ బయట తగిలిస్తున్నారు. అప్పుడు మైక్రోకంట్రోలర్ ఏదైనా పెద్ద తేడా లేదు. మోటారు కంపనాలు పట్టాలంటే మాత్రం సెకనుకు 80 కొలతలు దాటని హెచ్‌ఎక్స్711 చాలదు, డీఎంఏ ఉన్న చిప్పే కావాలి.